ఒకే గాటన కట్టే మాట: రాజకీయ నాయకుల జాతి వ్యాఖ్యలు

ఒక ప్రాంతంవాళ్లనో, ఒక భాషవాళ్లనో, ఒక రంగువాళ్లనో రాజకీయ నాయకుడు ఒకే గాటన కట్టి మాట్లాడితే దాన్ని జాత్యహంకారం అనాలా, మూసమాట అని సరిపెట్టుకోవాలా? ఇది మన దేశంలో దాదాపు ప్రతి ఎన్నికల్లోనూ లేచే తగువు. అన్నవారి పార్టీ 'నోరు జారారు' అంటుంది, ఎదుటి పార్టీ 'జాతిని అవమానించారు' అంటుంది. నాలుగు రోజులయ్యాక ఇద్దరూ మరచిపోతారు, మాటపడ్డవాళ్లకు మాత్రం గుర్తుంటుంది. ఈ వ్యాసం ఆ తగువును న్యూఢిల్లీలోని అశోకా రోడ్ దగ్గర నిలబడి చూస్తుంది. తెలుగువాళ్లు మాటపడ్డ సందర్భాలతో పాటు, తెలుగు నాయకులే మాటన్న సందర్భాలనూ చెబుతుంది.

అశోకా రోడ్

ఇండియా గేట్ షట్కోణం దగ్గర మొదలై విండ్సర్ ప్లేస్, పటేల్ చౌక్ దాటి గోల్ డాక్‌ఖానా దాకా సాగే ఈ రోడ్డు అంత పొడవైనదేమీ కాదు. అయినా మన చర్చకు కావలసిన చిరునామాలు చాలావరకు దీనిమీదే ఉన్నాయి. మొదట్లోనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన హైదరాబాద్ హౌస్ కనిపిస్తుంది. విదేశీ అధినేతలతో ప్రధానమంత్రి చర్చలు జరిపేది ఇప్పుడు అందులోనే. ఆంధ్ర, తెలంగాణ నాయకులు 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందానికి వచ్చిందీ అక్కడే. దాని పక్కనే ఆంధ్రభవన్. గోంగూర, పప్పు, నెయ్యి కోసం అక్కడి క్యాంటీన్ ముందు వరసకట్టేవాళ్లలో ఉత్తరాదివాళ్లూ బోలెడుమంది. ఇంకాస్త ముందుకు వెళితే 11వ నంబరు బంగళా, 2018 ఫిబ్రవరి దాకా భారతీయ జనతా పార్టీ కేంద్ర కార్యాలయం. పటేల్ చౌక్ దగ్గర నిర్వాచన్ సదన్, అంటే ఎన్నికల సంఘం. నాయకుల మాటల మీద ఫిర్యాదు కాగితాలు చివరికి చేరేది ఆ గుమ్మానికే.

రోడ్డుకు పేరిచ్చిన చక్రవర్తి కూడా ఈ విషయం గురించి మాట్లాడాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో పన్నెండోది నోటి అదుపు గురించి. దానికి 'వచగుతి' అనే ప్రాకృత మాట వాడాడు. తన మతాన్ని అతిగా పొగుడుకోవడమూ, ఎదుటివారి మతాన్ని సందర్భం లేకుండా కించపరచడమూ తగదని అందులో చెప్పాడు. చెప్పింది మతశాఖల గురించే, జాతుల గురించి కాదు. అయినా పాలకుడి స్థానంలో ఉన్నవాడు మాట సంయమనాన్ని రాజ్యధర్మంగా భావించి రాతిమీద చెక్కించడం, అదీ తెలుగు నేలమీద, ఇక్కడ తలచుకోదగ్గదే.

'జాతి' అన్న మాటలోని చిక్కు

తెలుగులో 'జాతి' అన్నమాట ఎన్నో బరువులు మోస్తుంది. తెలుగు జాతి అన్నప్పుడు భాషా సముదాయం. జాతిపిత అన్నప్పుడు దేశం. జాతి గుర్రం అన్నప్పుడు మేలిరకం. కొండజాతులు అన్నప్పుడు తెగలు. పాతకాలం వాడుకలో కులం కూడా. ఇంగ్లీషులో 'రేస్' అనే దానికి మనం 'జాతి' అనే వాడుతున్నాం కనుక, ఒక బిహారీని తెలుగువాడు చులకన చేస్తే అది జాత్యహంకారమా, ప్రాంతీయ దురభిమానమా అన్న సందేహం మాటలోనే పుడుతుంది. 'మనమంతా భారతీయులం, మనలో మనకు జాతివివక్ష ఏమిటి' అని నాయకులు తప్పించుకునేది కూడా ఈ సందు చూసుకునే.

అంతర్జాతీయ చట్టం ఆ సందును ఏనాడో మూసేసింది. 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జాతివివక్ష నిర్మూలన ఒప్పందం తన మొదటి అధికరణలోనే జాతి, రంగు, వంశం, జాతీయ మూలం, తెగ మూలం అన్న అయిదింటినీ చేర్చింది. మనదేశం 1968లో దాన్ని ధ్రువీకరించింది. అందులో 'వంశం' అన్నమాట చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే. 2001లో డర్బన్ సదస్సు నాటికి మాత్రం కులాన్ని జాతివివక్ష కింద చర్చించరాదని మన ప్రభుత్వం వాదించింది. ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ 2002లో ఆ వాదనను కాదని, వంశంలో కులమూ ఇమిడి ఉందని చెప్పింది. ప్రభుత్వాధికారం ఉన్నవారు జాతివివక్షను ప్రోత్సహించకుండా చూడాలని అదే ఒప్పందం నాలుగో అధికరణ రాజ్యాలకు విధించింది. మామూలు మనిషి నోటినీ పదవిలో ఉన్నవారి నోటినీ వేరుచేసి చూడాలన్న ఆలోచన అందులో ఉంది.

ఇక 'మూస'. కరిగించిన లోహాన్ని పోసే అచ్చు. ఇంగ్లీషు వాడుక 'స్టీరియోటైప్' కూడా అలాంటి పనిముట్టు పేరే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి ముద్రాపకుడు ఫిర్మిన్ దిదో అచ్చుపనిలో వాడిన పోతపలకకు ఆ పేరు. ఒకసారి పోతపోస్తే ఎన్ని వేల కాగితాలైనా ఒకేలా వస్తాయి. 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ ఆ మాటను మనుషుల బుర్రలోని తయారు బొమ్మలకు వాడాడు. 1954లో గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త ద్వేషానికి మెట్లు కట్టాడు: ముందు చాటున చులకన మాట, తర్వాత దూరంపెట్టడం, ఆపైన వివక్ష, దాడి, చివరికి నిర్మూలన. మొదటి మెట్టు నోటిదేనని ఆయన గుర్తించాడు.

మూస వేరు, అహంకారం వేరు అన్న మాట నిజమే. 'ఆంధ్రావాళ్లు కారం ఎక్కువ తింటారు' అన్నది మూస, అందులో ద్వేషం లేదు. కానీ రాజకీయ నాయకుడి విషయంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమనడం సరైన ప్రశ్న కాదని ఈ వ్యాసకర్త నమ్మకం. మూస ఒక పనిముట్టు. జాత్యహంకారం ఆ పనిముట్టుతో చేసే పని. ఓటు, పోలీసు, రేషన్ కార్డు, ఇంటి స్థలం ఎవరి చేతిలో ఉన్నాయో వారి నోట్లో ఆ పనిముట్టు ఊరికే ఉండదు.

2017: మనం ఎవరు, మేం ఎవరు

2017 మార్చి చివర ఢిల్లీ పక్కనే ఉన్న గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికన్ విద్యార్థులపై మూకదాడులు జరిగాయి. ఒక స్థానిక కుర్రవాడి మరణానికి నైజీరియన్లే కారణమన్న పుకారు వాటికి నిప్పు. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు సమావేశమై ఇవి విదేశీ ద్వేషంతో, జాతిద్వేషంతో జరిగిన దాడులని ప్రకటించారు. విచారణ పూర్తికాకుండా అలా అనలేమని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో చెప్పారు. ఆ నేపథ్యంలోనే ఏప్రిల్ తొలి వారంలో అల్ జజీరా టీవీ చర్చలో రాజ్యసభ మాజీ సభ్యుడు తరుణ్ విజయ్ పాల్గొన్నారు. ఆయన పార్టీ బీజేపీ కేంద్ర కార్యాలయం అప్పటికింకా అశోకా రోడ్‌లోనే ఉంది. భారతీయులు జాతివివక్ష చూపేవారే అయితే తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర ఉన్న దక్షిణాది అంతటితో ఎలా కలిసి బతుకుతున్నాం, మన చుట్టూ నల్లవాళ్లు ఉన్నారు కదా అన్నది ఆయన వాదన సారాంశం.

పెద్ద దుమారం లేచింది. తన మాటలు భావాన్ని సరిగా చెప్పలేకపోయాయని ఆయన క్షమాపణ కోరారు. పి. చిదంబరం అడిగిన ప్రశ్న మాత్రం గురి తప్పలేదు: ఆ 'వీ'లో ఉన్నది ఎవరు?

తెలుగులో ఆ ప్రశ్న అడగాల్సిన పనే ఉండదు. ఇంగ్లీషు 'వీ'కి, హిందీ 'హమ్'కి వినేవాడు లోపలున్నాడో బయటున్నాడో తెలియదు. మనకు 'మనం' వేరు, 'మేం' వేరు. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పబోతే మొదటి మాట దగ్గరే ఆగి తేల్చుకోవాలి. 'మనం దక్షిణాదివాళ్లతో కలిసి బతుకుతున్నాం' అని ఒక తెలుగువాడి ముందు అంటే వాక్యమే నిలవదు, ఎందుకంటే వింటున్నవాడే దక్షిణాదివాడు. 'మేం మీతో కలిసి బతుకుతున్నాం' అనే అనాలి. అలా అన్నాక అందులో ఇల్లు ఎవరిదో, ఇంట్లో ఉండనిచ్చింది ఎవరో తేటతెల్లమవుతుంది. ఆ మాటలో తిట్టు లేదు. నలుపు తప్పన్న మాట కూడా లేదు. ఉన్నది ఒకటే: దేశానికి సొంతదారు ఒకరు, సహించబడేవారు మరొకరు. ఈ వ్యాసకర్త దృష్టిలో జాత్యహంకారానికి అసలు రూపం ఇదే. దాన్ని గుర్తుపట్టడానికి తెలుగు వ్యాకరణమే సాయపడుతుంది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. తరుణ్ విజయ్ తమిళ కవి తిరువళ్లువర్ విగ్రహాన్ని హరిద్వార్‌లో నెలకొల్పడానికి పట్టుబట్టి పనిచేసిన మనిషి. దక్షిణాది మీద ఆయన అభిమానాన్ని శంకించాల్సిన అవసరం లేదు. అభిమానం ఉన్నవాడి నోట కూడా ఈ మాట వచ్చిందంటే, అచ్చు ఎంత లోతున పడి ఉందో చూడాలి.

ఆ అచ్చుకు ఢిల్లీలో పాత పేరు ఒకటుంది: 'మద్రాసీ'. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసుతో పాలనా సంబంధం తెగిపోయినా, నిజాం పాలనలో ఉన్న తెలంగాణకు మద్రాసుతో ఆ సంబంధం ఎన్నడూ లేకపోయినా, వింధ్యకు దిగువన పుట్టిన ప్రతివాడూ ఢిల్లీకి దశాబ్దాలపాటు మద్రాసీయే. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు ఆత్మగౌరవ నినాదానికి తక్షణ కారణం ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ మార్చిన తీరు, బేగంపేట విమానాశ్రయంలో టి. అంజయ్యకు జరిగిన అవమానం. కానీ ఆ నినాదం అంతగా అంటుకోవడానికి, ఢిల్లీ మనల్ని పేరుపెట్టి కూడా పిలవదన్న పాత నొప్పి కూడా తోడైంది. జంగ్‌పురా దగ్గర బారాపుల్లా కాలువ ఒడ్డున తమిళ కూలీలు దశాబ్దాలుగా ఉన్న బస్తీని 2025 జూన్ 1న హైకోర్టు ఆదేశాల మేరకు కూల్చేశారు. ఆ బస్తీ పేరు మద్రాసీ క్యాంప్.

2024 మే: వరంగల్ దాకా వచ్చిన మాట

లోక్‌సభ ఎన్నికల మధ్యలో, తెలుగు రాష్ట్రాల పోలింగుకు అయిదు రోజుల ముందు, శామ్ పిట్రోడా ఇంటర్వ్యూ ఒకటి బయటికొచ్చింది. ఆయన అప్పటికి ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్షుడు. భారతదేశం ఎంత వైవిధ్యమున్నదో చెబుతూ తూర్పువాళ్లు చైనావాళ్లలా, పడమటివాళ్లు అరబ్బుల్లా, ఉత్తరాదివాళ్లు బహుశా తెల్లవాళ్లలా, దక్షిణాదివాళ్లు ఆఫ్రికావాళ్లలా ఉంటారనీ, అయినా అందరం అన్నదమ్ములమేననీ అన్నారు. మే 8న దేశమంతా అదే వార్త. కాంగ్రెస్ ఆ మాటలతో తనకు సంబంధం లేదంది. ఆయన అదే రోజు రాజీనామా చేశారు. అదే రోజు వరంగల్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ తోలు రంగు పేరుతో దేశవాసుల్ని అవమానించారంటూ తనకు చాలా కోపంగా ఉందన్నారు. ఎన్నికల ఫలితాలు వచ్చాక, జూన్ 26న, కాంగ్రెస్ ఆయన్ను తిరిగి అదే పదవిలో నియమించింది.

పిట్రోడా ఉద్దేశం ఐక్యతే. వాక్యం చివరి సగం అది స్పష్టంగా చెబుతోంది. తేడా ఏమిటంటే, ఆయన ప్రతి దిక్కుకూ ఒక విదేశీ మొహం అతికించారు. దీనివల్ల ఎక్కువ బాధపడాల్సినవాళ్లు ఈశాన్యంవాళ్లు. ఎందుకంటే 'చైనా' అన్నమాట వాళ్లకు ఢిల్లీ వీధుల్లో రోజూ తగిలే రాయి. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థి 2014 జనవరిలో లాజ్‌పత్ నగర్‌లో జుట్టు మీదా రూపం మీదా ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని మరుసటి రోజు చనిపోయాడు. అది తెలిసిన దేశంలో ఒక పెద్దమనిషి మంచి మనసుతో అన్నా ఆ పోలిక అదే రాయి.

ఇక్కడ మన తెలుగువాళ్లం ఒక విషయం తప్పించుకోకుండా ఒప్పుకోవాలి. ఆ వారం రోజులు తెలుగు టీవీల్లో, సభల్లో కనిపించిన కోపంలో చాలాభాగం 'మమ్మల్ని ఆఫ్రికావాళ్లంటారా' అన్న కోపం. ఆఫ్రికావాళ్లలా ఉండటం ఎందుకు అవమానం అని అడిగినవాళ్లు చాలా తక్కువ. అవమానాన్ని ఖండిస్తూనే ఇంకో ఖండాన్ని కిందికి తోశాం. హైదరాబాద్‌లో చదువుకుంటున్న సూడాన్, నైజీరియా విద్యార్థులు ఆ చర్చ వింటే ఏమనుకుని ఉంటారు? చర్మం తెల్లబడే క్రీముల ప్రకటనలు, పెళ్లి ప్రకటనల్లో 'ఫెయిర్' అన్న మాట, సినిమాల్లో నల్లగా ఉన్నవాణ్ణి హాస్యానికి వాడటం, ఇవన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి. అందుకే మూస విసిరిన నాయకుడు ఒక్కడే ఇక్కడ దోషి కాడు.

పార్లమెంటులో ఇలాంటిదే ఇంకోటి జరిగింది. 2015 మార్చిలో బీమా బిల్లు చర్చలో శరద్ యాదవ్ తెల్లచర్మం మీద దేశానికున్న మోజును విమర్శించబోయి, దక్షిణాది స్త్రీల రంగు, శరీరాల వర్ణనలోకి దిగారు. పాత మూసను పగలగొట్టబోయి కొత్తది పోశారు. దానికి కొద్ది వారాల తేడాలోనే కేంద్ర సహాయమంత్రి గిరిరాజ్ సింగ్, రాజీవ్ గాంధీ నైజీరియన్ స్త్రీని పెళ్లాడి ఉంటే కాంగ్రెస్ ఆమె నాయకత్వాన్ని ఒప్పుకునేదా అన్నారు. నైజీరియా దౌత్య కార్యాలయం అభ్యంతరం చెప్పింది, మంత్రి సభలో విచారం వెలిబుచ్చారు. ఎగతాళి చేసింది సోనియా గాంధీని. దెబ్బ తగిలింది మాత్రం ఆ చర్చతో ఏ సంబంధమూ లేని మరో దేశపు స్త్రీలకు.

రక్తాన్ని తూకం వేసినప్పుడు

రూపాన్ని వర్ణించడం ఒక ఎత్తు, రక్తాన్ని తూకం వేయడం ఇంకో ఎత్తు. 2015 జూలై 25న ముజఫర్‌పుర్ సభలో నితీశ్ కుమార్ రాజకీయ డీఎన్‌ఏలో ఏదో లోపం ఉందన్నట్టు మోదీ మాట్లాడారు. గురి ఒక్క మనిషి మీదే అయినా నితీశ్ దాన్ని బిహారీలందరికీ అవమానంగా మలిచారు. మాట వెనక్కి తీసుకోవాలంటూ, జుట్టు, గోళ్ల నమూనాలు ఢిల్లీకి పంపే ఉద్యమం నడిపారు.

ఎనిమిదేళ్ల తర్వాత అదే మాట తెలుగు నాయకుడి నోట వచ్చింది. కె. చంద్రశేఖర్‌రావు (కేసీఆర్)ది బిహార్ డీఎన్‌ఏ అనీ, తనది తెలంగాణ డీఎన్‌ఏ అనీ, బిహార్ కంటే తెలంగాణది మేలనీ రేవంత్ రెడ్డి అన్న మాటలు 2023 డిసెంబరులో, ఆయన ముఖ్యమంత్రి అవుతున్న వేళ, బిహార్‌లో పెద్ద వివాదమయ్యాయి. ఈ వ్యాసంలోని ఉదాహరణల్లో నిర్వచనానికి అతి దగ్గరగా వచ్చేది ఇదే. పుట్టుకను బట్టి గుణం, గుణాన్ని బట్టి వరస: జాతివాదం అంటే పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇదే కదా. ఎన్నికల వేడిలో ప్రత్యర్థిని గిల్లడానికి అన్నమాటే కావచ్చు. హైదరాబాద్ మెట్రో పిల్లర్లు ఎత్తిన కూలీలు, వరినాట్లకు తెలంగాణ పల్లెలకొచ్చే కూలీలు బిహార్‌వాళ్లే. వాళ్లు ఆ మాటను ఆ వేడిలోనే వదిలేయలేరు.

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. 1952లో హైదరాబాద్‌లో 'నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని కుర్రవాళ్లు నినదించారు. వెనక ఉన్నది ఉద్యోగాల విషయంలో నిజమైన కష్టమే. ఆ సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అయినా ఆ కష్టాన్ని చెప్పడానికి ఇంకొకరి తిండిని వాడుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో రెండువైపులా మూసలు పేరుకున్నాయి. ఒకవైపు ఆంధ్రావాళ్లంతా దోపిడీదారులు, ఇంకోవైపు తెలంగాణవాళ్లకు పనిచేయడం రాదు, భాష రాదు. తెలంగాణ యాసను దశాబ్దాలపాటు రౌడీకీ పనివాడికీ పరిమితం చేసిన సినిమా ఆ రెండో మూసకు పోతపలక. తెలంగాణ ఉద్యమంలోని న్యాయమైన కోపాన్ని, అందులో కలిసిన గంపగుత్త మాటల్ని వేరుచేసి చూడటం రెండు రాష్ట్రాలవాళ్లకూ ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఎప్పుడొచ్చారన్న ప్రశ్న

2024 నవంబరు 3న చెన్నై సభలో నటి కస్తూరి, మూడు వందల ఏళ్ల కిందట రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చినవాళ్లు తెలుగువాళ్లనీ, వాళ్లు ఇప్పుడు తమిళులమంటున్నారనీ అన్నారు. నిరసనలు లేచాక మాటలు వెనక్కి తీసుకున్నారు. కేసు నమోదైంది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందస్తు బెయిల్ నిరాకరించింది. నవంబరు 16న ఆమెను పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు, కొద్దిరోజులకు బెయిల్ వచ్చింది.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో 5.87 శాతం మంది మాతృభాష తెలుగు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచీ ఉన్నవాళ్లు వాళ్లు. మదురైలో తిరుమల నాయకుడి మహలు, తంజావూరు గడ్డమీద త్యాగరాజు తెలుగు కీర్తనలు వాళ్ల చరిత్రలోవే. కానీ ఆ జాబితా చదివి సమాధానం చెప్పడం కూడా ఒక ఉచ్చే. రాజులం, కవులం కాబట్టి మేం ఉండొచ్చు అంటే, రాజులూ కవులూ కానివాళ్ల సంగతేమిటి? 2023 ఫిబ్రవరిలో ఈరోడ్ తూర్పు ఉప ఎన్నికలో నామ్ తమిళర్ కట్చి నాయకుడు సీమాన్, అరుంధతియార్లను విజయనగర రాజులు పారిశుద్ధ్య పని కోసం తెచ్చారన్నట్టు మాట్లాడారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. అరుంధతియార్లలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వాళ్లకు చెప్పుకోవడానికి మహళ్లు లేవు. ఉన్న ఊరే తమదనడానికి అక్కడ పుట్టడం చాలదా?

2025 జనవరి 9న ఈ ప్రశ్న నేరుగా అశోకా రోడ్‌కే వచ్చింది. ఎన్నికల సంఘాన్ని కలిసిన అర్వింద్ కేజ్రీవాల్, పదిహేను రోజుల్లో 13,000 కొత్త ఓట్ల దరఖాస్తులొచ్చాయనీ, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి మనుషుల్ని తెచ్చి దొంగ ఓట్లు చేర్పిస్తున్నారనీ ఆరోపించారు. ఓటర్ల జాబితాపై అనుమానం చెప్పుకోవడం ఏ పార్టీకైనా హక్కు. అందులో రెండు రాష్ట్రాల పేర్లు చేరగానే, తరాలుగా ఢిల్లీలో ఉంటున్న పూర్వాంచల్ కుటుంబాల గుండెలో ముల్లు దిగింది. బీజేపీ మర్నాడే ఆందోళనకు దిగింది.

ఏలేవాడి మూస చట్టమైతే: స్టువర్టుపురం

మూసమాట వల్ల ఎవరికి నష్టం అనేవాళ్లు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చరిత్ర తెలుసుకోవాలి. ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారిగా దక్షిణాది కులాల, తెగల మనుషుల తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. పుట్టుకతోనే కొన్ని తెగలు నేరగాళ్లన్న ఊహను వలస ప్రభుత్వం అంతకు ముందే, 1871లో, నేరస్థ తెగల చట్టంగా మార్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను, ఏ నేరమూ చేయనివాళ్లను కూడా, హాజరు పట్టీల్లోకెక్కించి, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒకచోట ఉంచారు. మద్రాసు గవర్నర్ కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు.

ఉప్పు, ధాన్యం గాడిదల మీద మోసుకుని అమ్ముకున్న జనం రైళ్లు వచ్చి బతుకుతెరువు పోగొట్టుకున్నారన్నది అసలు కథ. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడే అలవాటు రద్దు కాలేదు. సినిమాలు కూడా ఆ పేరును అలాగే వాడుకున్నాయి. ఒక పాలకుడి సాధారణీకరణ నూరేళ్లు బతికింది.

అధికారం ఉన్నవాడి మూస ఎంత వేగంగా పోలీసు లాఠీ అవుతుందో ఢిల్లీలోనూ చూశాం. 2014 జనవరి 15 అర్ధరాత్రి దాటాక అప్పటి ఢిల్లీ న్యాయమంత్రి సోమ్‌నాథ్ భారతి ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌లో ఆఫ్రికన్ స్త్రీలున్న ఇళ్లమీదికి జనంతో వెళ్లారు. మాదకద్రవ్యాలు, వ్యభిచారం జరుగుతున్నాయన్నది ఆయన మాట. వారంటు లేదని పోలీసులు నిరాకరించారు. ఉగాండా స్త్రీల ఫిర్యాదుతో కోర్టు ఆదేశం మీద కేసు నమోదైంది. ఆరోపణలన్నీ ఆయన ఖండించారు.

విదేశాల్లో మాటపడేది మనమే. 2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సెనేటర్ జసింటా నంపిజిన్పా ప్రైస్, భారతీయ వలసదారులు లేబర్ పార్టీకే ఓటేస్తారు కాబట్టి ప్రభుత్వం వాళ్లను ఎక్కువగా రప్పిస్తోందన్న అర్థంలో మాట్లాడారు. అక్కడి భారతీయులు క్షమాపణ కోరారు. వారం తిరిగేసరికి ఆమె ప్రతిపక్ష ముఖ్య బృందంలో చోటు కోల్పోయారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథే పట్టణంలో హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజనీరును కాల్చి చంపినవాడు 'నా దేశం వదిలి పో' అని అరిచాడు. 'మేం' అన్నమాట చివరికి ఎక్కడికి పోతుందో ఆ కుటుంబానికి తెలుసు.

నిర్వాచన్ సదన్ గుమ్మం దగ్గర

ఎన్నికల ప్రవర్తనా నియమావళి మొదటి నియమం కులాల మధ్య, సముదాయాల మధ్య, మత, భాషా వర్గాల మధ్య ద్వేషం పెంచకూడదంటుంది. జాతి, రంగు, ప్రాంతం అన్న మాటలు అందులో లేవు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో 'జాతి' ఉంది గానీ, అది అభ్యర్థికి, ఆయన ఏజెంటుకు, ఆయన సమ్మతితో మాట్లాడినవారికి వర్తించేది. పోటీలో లేని పిట్రోడా లాంటివారు దాని పరిధిలోకి తేలిగ్గా రారు. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురి మెజారిటీతో, ఓటరు జాతి, కులం, మతం, భాష పేరుతో ఓటడగడమూ అవినీతి పద్ధతేనని చెప్పింది. ఓటడగకుండా ఊరికే కించపరిస్తే ఏమిటన్నదానికి అందులో జవాబు లేదు. 2024 మే 1న సంఘం కేసీఆర్ ప్రచారాన్ని 48 గంటలు ఆపింది. సిరిసిల్లలో కాంగ్రెస్ నాయకుల మీద వాడిన భాష దానికి కారణం. తిట్టును పట్టుకోవడం తేలిక. తిట్టు లేని మూసను పట్టుకునే కొలబద్ద సంఘం దగ్గర లేదు.

క్రిమినల్ చట్టంలో భారతీయ శిక్షాస్మృతి 153ఎ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్, జాతి, పుట్టిన చోటు, భాష పేరుతో వర్గాల మధ్య వైరం పెంచడాన్ని నేరమంటాయి. హైదరాబాద్‌లో నమోదైన బిలాల్ అహ్మద్ కలూ కేసులో సుప్రీంకోర్టు 1997లో ఒక గీత గీసింది. రెండు వర్గాల మధ్య చిచ్చు ఉండాలి, ఒక్క వర్గాన్ని నొప్పించడం చాలదు. పైగా ఈ సెక్షన్ కింద కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అధికారంలో ఉన్న పార్టీ నాయకుడి మీద అనుమతి ఇవ్వాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. 2014లో అంతర్రాష్ట్ర వలసదారుల సంస్థ ప్రవాసీ భలాయీ సంఘటన్, నాయకుల విద్వేష ప్రసంగాలను అరికట్టమని సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు విషయాన్ని లా కమిషన్‌కు అప్పగించింది. కమిషన్ 2017 మార్చిలో తన 267వ నివేదికలో కొత్త సెక్షన్లు సూచించింది. 2020 డిసెంబరులో అమీష్ దేవగన్ కేసులో కోర్టు, మాట్లాడింది ఎవరు, ఎక్కడ, ఎవరి గురించి, దానివల్ల కలిగే హాని ఎంత అన్నవి చూడాలనీ, పలుకుబడి ఉన్నవారి బాధ్యత ఎక్కువనీ చెప్పింది. మూసనూ అహంకారాన్నీ వేరుచేయడానికి మన న్యాయవ్యవస్థ ఇచ్చిన మంచి పనిముట్టు ఇదే. దీన్ని కింది కోర్టులు, ఎన్నికల సంఘం ఇంకా బాగా వాడుకోవాలి.

లాజ్‌పత్ నగర్ మరణం తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ 2014 జూలైలో నివేదిక ఇచ్చింది. జాతి పేరుతో మనిషి గౌరవాన్ని కించపరిచే మాటలను, సైగలను విడిగా నేరం చేయాలని అడిగింది. 2016 డిసెంబరులో కర్మా దోర్జీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఘటనలపై నిఘాకు ఒక కమిటీ పెట్టమంది. కొత్త న్యాయ సంహితలో జాతి అన్నమాట 103వ సెక్షన్‌లో కూడా చేరింది. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి జాతి, కులం, పుట్టినచోటు, భాష లాంటి కారణాలతో మనిషిని చంపితే ఉరిశిక్ష దాకా పడుతుంది. బెజ్‌బరువా కమిటీ అడిగిన సెక్షన్ మాత్రం ఆ సంహితలో లేదు.